సాక్ష్యం చెప్పే మేడం వచ్చింది

మా చర్చి స్త్రీల సమాజం నుంచి ఏటా ఎవరో ఒకరు భద్రాచలం అవతలి గూడేలకు వెళ్లి, అక్కడి సభలో మాట్లాడి రావడం అలవాటు. ఈసారి నా పేరు చెప్పారు. ఖమ్మంలో డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను కాబట్టి, చదువుకున్నామె మాట్లాడితే నలుగురూ వింటారని వాళ్ల ఉద్దేశం. ఇంకొకరికి విశ్వాసం గురించి చెప్పేంత విశ్వాసం నాకుందా అన్నది నాకే చాలాకాలంగా తేలని సంగతి. ప్రార్థన మానను. అలాగని గట్టిగా చెప్పమంటే మాట పెగలదు. ఏదో వంక చెప్పి తప్పించుకునేదాన్నే, మార్తమ్మ పిన్ని లేకపోతే. పిన్ని మా అమ్మకు చెల్లెలు. ఎర్రుపాలెం దగ్గర పుట్టి, పెళ్లి మాట ఎత్తనివ్వకుండా, బైబిలు స్త్రీగా వెళ్లింది. అంటే గూడెం గూడెం నడిచి ఆడవాళ్లకు సువార్త చెప్పే పని. అడవిలో ఆ పని ఏళ్ల తరబడి చేసి, మోకాళ్లు పట్టేశాక మా ఇంటికి చేరింది. "నువ్వు వెళ్తే నేనూ వస్తానే. ఇంకోసారి చూస్తానో లేదో" అంది. డెబ్బై దాటిన మనిషిని కాదనలేకపోయాను.

ఫిబ్రవరి మొదట్లో, చలి సన్నగిల్లుతున్న రోజుల్లో బయల్దేరాం. ఖమ్మం బస్టాండులో ఉదయం ఆరున్నరకు భద్రాచలం బస్సు దొరుకుతుంది. టికెట్టు అరవై రూపాయల పైచిలుకు, దారి దాదాపు నాలుగు గంటలు. వైరా, తల్లాడ మీదుగా ఏన్కూరు దాటేదాకా రెండు వైపులా మిరప కల్లాలే. ఆ ఘాటుకు బస్సులో సగం మంది తుమ్ముతూనే ఉన్నారు, కండక్టరు ముక్కుకు తువ్వాలు చుట్టుకునే టికెట్లు కొట్టాడు. జూలూరుపాడు తర్వాత చెట్లు దగ్గరపడతాయి. కొత్తగూడెంలో బస్సు పావుగంట ఆగుతుంది, టీ తాగాలంటే అక్కడే తాగాలి. పాల్వంచ దాటి గోదావరి వంతెన ఎక్కేసరికి పదిన్నర అయింది. ఈ నెలలో నదిలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ. పిన్ని మాత్రం కిటికీలోంచి చేయి చాపి, వరద వచ్చినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చేవో, తనెక్కడ పడవ ఎక్కేదో చూపిస్తూ కూర్చుంది.

భద్రాచలంలో దిగినవాళ్లంతా గుడి దారి పట్టారు. మేం బస్టాండు ఎదురుగా ఉన్న మెస్సులో తొందరగా భోజనం కానిచ్చాం. వడ్డించే పెద్దమనిషి "దర్శనం అయిందా అమ్మా?" అని అడిగాడు. "రాములోరి ఊళ్లోకి యేసయ్య పని మీద వచ్చాం నాయనా, అన్నం మాత్రం వేడిగా పెట్టు" అంది పిన్ని. ఆయన నవ్వి, "ఎవల పని మీద వచ్చినా గదే అన్నం, గదే పప్పు" అంటూ ఇంకో గరిటె వేశాడు.

అక్కడి నుంచి చర్ల రోడ్డులో బస్సు, గంటకొకటి ఉంటుంది. మేం దిగాల్సిన స్టేజీ దగ్గర లోపలికి వెళ్లే ఆటోలు రెండో మూడో నిలబడి ఉంటాయి. వెళ్లే ముందే కిరాయి మాట్లాడుకోవాలి, మనుషులు నిండేదాకా ఆగితే తక్కువ, ఆగకపోతే ఎక్కువ. పిన్ని మోకాళ్లు చూసి మేం ఆగలేదు. గూడెం పేరు రాయడం లేదు. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

"మీటింగుకా మేడం?" అన్నాడు డ్రైవరు, గుంతలో బండి దించుతూ.

"అవును. ఎలా తెలుసు?"

"సంచిల పుస్తకాలు, పక్కన ముసలామె. మొన్న మందులోళ్లు వచ్చి మీటింగు పెట్టిండ్రు. గంతకుముందు పొదుపోళ్లు. గూడెంకు మీటింగులకేం తక్కువ లేదు, రోడ్డే తక్కువ."

"ముసలామె అంటే ఎవరు?" అంది పిన్ని వెనక నుంచి. అతను రోడ్డు మీద ఎవరూ లేకపోయినా హారన్ కొట్టాడు.

గూడెంలో మా బస యోహాను గారింట్లో. ముప్పై అయిదేళ్ల కోయ యువకుడు, అక్కడి చిన్న ప్రార్థన మందిరానికి సువార్తికుడు. ఆయన భార్య దేశవాళీ కోడి కూరతో అన్నం వండుతుంటే, ఆయన సైకిలుకు మైకు కట్టుకుని కోయలోనూ తెలుగులోనూ చాటింపు వేసి వచ్చాడు. "ఖమ్మం నుంచి సాక్ష్యం చెప్పే మేడం వచ్చింది. పొద్దు గూకే యాళ్లకు అందరు రావాలె." చర్చికి వెళ్లనివాళ్ల కోసం చెబుతున్నాను: మా వాడుకలో సాక్ష్యం అంటే దేవుడు తన జీవితంలో ఏం చేశాడో నలుగురి ముందు నిలబడి చెప్పుకోవడం. చిన్నప్పటి నుంచి ఎన్ని వందల సాక్ష్యాలు విన్నానో. ఆ మాటకు బయట ఇంకో అర్థం ఉందన్నది వింటున్నప్పుడు ఎవరికీ తట్టదు.

పొద్దు వాలేసరికి మందిరం ముందు జాగా నిండిపోయింది. మామూలుగా పదిహేను, ఇరవై మంది వస్తారట, అందరూ ఆడవాళ్లే. ఆ రోజు మగవాళ్లు తువ్వాళ్లు పరుచుకుని కూర్చున్నారు. గూడెం పెద్ద మంచం తెప్పించుకుని మరీ కూర్చున్నాడు. "ఎన్నడు ఇంతమంది రాలె అక్కా. దేవుడు పని చేస్తుండు" అన్నారు యోహాను గారు, ఆయన కళ్లు మెరుస్తున్నాయి. ఎనిమిదేళ్ల కిందట నాకు పెద్ద జబ్బు చేసిన సంగతి, ఆస్పత్రిలో ఉన్న నెల రోజుల సంగతి చెప్పడం మొదలుపెట్టాను. వాళ్లు వింటున్న తీరు చిత్రంగా ఉంది. నేను చెబుతున్నదాని మీద కాదు, తర్వాత చెప్పబోయేదాని మీద వాళ్ల ధ్యాస. కాసేపటికి ముందు వరసలోంచి ఒకామె లేచి నిలబడింది. నలభై ఉంటాయేమో, ఎండకు ఎండిన మనిషి. పేరు ముత్తమ్మ అని తర్వాత తెలిసింది.

"అమ్మా, దవాఖానా సంగతి మంచిగనే ఉంది. మా చెలక సంగతి ఎప్పుడు చెప్తవ్?"

చెలక అంటే మెట్ట చేను. ఆమె చేను సంగతి నన్నెందుకు అడుగుతోందో నాకు అర్థం కాలేదు. యోహాను గారికి అర్థమైంది, ఆయన ముఖం చూస్తే తెలిసిపోయింది. విషయం ఇది. అడవి నరికి సాగు చేసుకున్న పోడు భూములకు హక్కు పత్రాలిచ్చే చట్టం వచ్చింది కదా. అందులో పెట్టిన గడువుకు ముందు నుంచే ఆ భూమి సాగులో ఉందని రుజువు కావాలి, పెద్దలు చెప్పే సాక్ష్యం కూడా ఒక రుజువే. ముత్తమ్మ చేను మీద పేచీ వచ్చింది. భర్త మంచాన పడి చనిపోయేదాకా మూడు నాలుగేళ్లు బీడు పెట్టడంతో తుప్పలు మొలిచాయి. కిందటేడు మళ్లీ కొట్టి కంది వేసింది. కొత్త మొద్దులు చూసిన అటవీ శాఖ బీట్ ఆఫీసరు ఇది కొత్తగా నరికిన అడవి అన్నాడు. గూడెంవాళ్లు వెళ్లి పాతదే అని చెబితే, మీరంతా ఒకరికొకరు చుట్టాలే కదా, బయటివాళ్లెవరైనా చూశారా అని అడిగారట. చివరిసారి చూసి తేల్చడానికి సార్లు మర్నాడు పొద్దున వస్తున్నారు. అలాంటి సాయంత్రం మైకులో సాక్ష్యం చెప్పే మేడం వచ్చిందని విన్నారు.

"అది కాదమ్మా, నేను మీ చేను ఎప్పుడూ చూడలేదు" అన్నాను.

"జూడకుంటనే సాక్ష్యం చెప్తనని ఎట్ల వచ్చినవ్?" అని మంచం మీది పెద్దాయన అడిగాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ ప్రశ్న ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

జనం లేస్తుంటే ముత్తమ్మ నిలబడ్డచోటే నిలబడి, "మా అత్త గంగమ్మ ఉంటే వాళ్లకు తనే చెప్పేది" అంది, ఎవరితోనూ కాకుండా.

అప్పటిదాకా కుర్చీలో జోగుతున్న పిన్ని తలెత్తింది. "ఏ గంగమ్మ? చుట్ట కాల్చేది, ఆ గంగమ్మా? వాగు దాటాక నల్లబండ పక్క చేను?"

"అవ్. గా చేనే."

గంగమ్మ పేరు మా చర్చిలో అందరికీ తెలుసు. పిన్ని సాక్ష్యాల్లో అన్నిటికంటే పేరున్నది అదే. అడవిలో ఒక చేలో కలుపు తీస్తున్న కఠినురాలు, సువార్త విని కన్నీళ్లు కార్చి, ఆ మట్టిలోనే మోకరించిన కథ. ప్రతిసారీ చెమ్మగిల్లని కళ్లు ఉండేవి కావు. నా అనుమానం బుద్ధి కొద్దీ ఒకటి గమనించాను. పిన్ని సాక్ష్యాలు ఏడాదికింత పెరుగుతుంటాయి. దారిలో ఎదురైందని చెప్పే చిరుతపులి మొదట్లో ఒకటే, ఈ మధ్య రెండు అయ్యాయి.

అన్నాలకు కూర్చున్నప్పుడు ముత్తమ్మ యోహాను గారింటికే వచ్చింది. గడప బయట నిలబడి, పిన్నినే చూస్తూ అంది: "అవ్వా, నువ్వు బయటిదానివి, మా చేను జూసినవ్. సార్లకు చెప్పు. మీ దేవున్నే మొక్కుతా. రేపటి సంది ప్రార్థనకు వస్తా."

యోహాను గారు చేతిలో ముద్ద అలాగే పట్టుకున్నారు. ఆయన ఏళ్లుగా ఎదురుచూస్తున్న మాట అది. పిన్ని కూడా ఏళ్లపాటు ఆ ఒక్క మాట కోసమే నడిచింది.

"దేవుణ్ణి మొక్కాలనిపిస్తే మొక్కు, సంతోషం" అంది పిన్ని. "సాక్ష్యానికి కిరాయిగా మాత్రం మొక్కకు. చేను చూశాను కాబట్టి చెప్తాను. నువ్వు ప్రార్థనకు వచ్చినా చెప్తాను, రాకపోయినా చెప్తాను. లోపలికి రా, అన్నం తిను."

ముత్తమ్మ తినలేదు, కాసేపు కూర్చుని వెళ్లింది. ఆమె వెళ్లాక యోహాను గారు మెల్లగా అన్నారు, "అమ్మగారూ, భూమి గొడవల మన పేరు వస్తే, రేపు ఎవలన్న చేను ఆశ జూపి మతంల కలుపుకున్నరు అంటరు. నేను ఇక్కడనే బతకాలె." ఆయన భయం ఉత్తిది కాదు. పిన్ని ఒప్పుకుంది. "అందుకే గదా అబ్బాయ్, కిరాయిగా మొక్కొద్దని చెప్పాను" అంది.

పొద్దున వాగు దాకా ట్రాక్టరు మీద వెళ్లాం, దాటాక నడక. పిన్ని చెయ్యి పట్టుకుని నడిపిస్తూ అడిగాను. "పిన్నీ, సమాజంలో చెప్పినట్టు కాదు, చూసింది చూసినట్టు చెప్తావుగా?"

"నాకే పాఠం చెప్తావా? నువ్వు పుట్టకముందు నుంచి సాక్ష్యం చెప్తున్నా."

అదే నా భయం.

చేను దగ్గర సర్వే సారు, బీట్ ఆఫీసరు, గూడెం పెద్ద, ఇరవై ముప్పై మంది జనం. కంది మోళ్లు, మధ్యమధ్య తెల్లగా కొత్త మొద్దులు. నల్లబండ మాత్రం పిన్ని చెప్పిన చోటే ఉంది. సర్వే సారు నెమ్మదస్థుడు. బండ మీద కాగితాలు పెట్టుకుని, పిన్ని ఎవరో, ఎక్కడినుంచి వచ్చిందో రాసుకుని అడిగాడు.

"అమ్మా, ఈ చేను ఎప్పుడు జూసినవ్?"

"నేనీ గూడేల్లో తిరిగిన రోజుల్లో సారూ. అప్పుడు ఈ ముత్తమ్మ పెద్దకొడుకు చంకలో ఉన్నాడు."

"వాడిప్పుడు ట్రాక్టరు నడుపుతుండు" అంది ముత్తమ్మ. మమ్మల్ని వాగు దాకా తెచ్చింది అతనే.

"ఏం పంట ఉండె?"

"జొన్న. మోకాలెత్తు. గంగమ్మ కలుపు తీస్తోంది. నేను ఆ బండ పక్కగా దిగి ఆమె దగ్గరికి వెళ్లాను."

"పోయినంక?"

"సువార్త చెప్పాను సారూ. ఆమె కొడవలి పక్కన పెట్టింది. వింటూ వింటూ ఉంటే..." పిన్ని గొంతు మారింది. స్త్రీల సమాజంలో మైకు ముందు వచ్చే గొంతు అది. "కళ్ల వెంట ధారగా నీళ్లు. ఈ మట్టిలోనే మోకాళ్లు వేసి..."

జనంలో ఒక ముసలామె కిసుక్కుమంది. గూడెం పెద్ద ముందుకు వంగాడు.

"ఎవలు? గంగమ్మనా? గంగమ్మ ఏడ్చుడా? మొగడు సచ్చిన్నాడే ఏడ్వలె గామె."

"గీమె ఇంకే గంగమ్మనో జూసింది, ఇంకే చేనో" అన్నారెవరో. నవ్వులు లేచాయి. సర్వే సారు రాయడం ఆపాడు. బీట్ ఆఫీసరు కొత్త మొద్దుల వైపు చూశాడు. ముత్తమ్మ చేను ఒక మాటలో వచ్చి, ఇంకో మాటలో పోతోంది.

పిన్ని కొంగు సర్దుకుంది. చుట్టూ ఉన్నవాళ్లలో చర్చివాళ్లం నేను, యోహాను గారు. ఆమె మా ఇద్దరి వైపూ చూడలేదు.

"లేదు సారూ. ఏడవలేదు. తరిమింది."

"ఏందీ?"

"జొన్న మొక్కలు తొక్కానని తరిమింది. బెడ్డ తీసి కొట్టింది, ఇదిగో ఈ మడమ పైన తగిలింది. 'నీ దేవుడు కాళ్ల కింద జూసి నడవమని చెప్పలేదా' అని వాగు దాటేదాకా తిట్టింది. ఇంకా తిట్టింది. అవి మీ ముందు చెప్పను."

గూడెమంతా ఒక్కసారిగా గొల్లున నవ్వింది. "అవ్! గంగమ్మే! గంగమ్మే!" కిసుక్కుమన్న ముసలామె పొట్ట పట్టుకుని మొద్దు మీద కూలబడింది. "నన్ను గూడ గట్లనే కొట్టింది, నా మేక చేన్ల పడ్డదని" అన్నాడు పెద్దాయన, ఎంతో గర్వంగా. ముత్తమ్మ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నవ్వనిది పిన్ని ఒక్కతే.

"చుట్టరికం మటుకు లేదని తెలుస్తనే ఉంది సార్" అన్నాడు బీట్ ఆఫీసరు. ఆయనకూ నవ్వు ఆగలేదు.

సర్వే సారు మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. పిన్ని ఆయన దగ్గరికి జరిగి చిన్న గొంతుతో అడిగింది. "తరిమిందని కూడా రాయాలా సారూ?"

"గది రాస్తేనే నమ్ముతరమ్మా."

రాసింది చదివి వినిపించారు, పిన్ని సంతకం చేసింది. తర్వాత చెయిను పట్టి చేను నాలుగు వైపులా కొలిచారు. మధ్యాహ్నానికి మేం రోడ్డు మీదికి వచ్చి చర్ల నుంచి వచ్చే బస్సు ఎక్కాం. భద్రాచలం బస్టాండులో ఖమ్మం బస్సు కోసం కూర్చున్నప్పుడు పిన్ని అంది, "ఏడ్చిందంటే అందరూ ఆమెన్ అనేవాళ్లు. తరిమిందంటే ఏమంటారే?" "పల్లీలు కొననా?" అన్నాను. "కొను" అంది.

ఇది జరిగి రెండు నెలలైంది. గ్రామసభలో హక్కు పత్రాల జాబితాలో ముత్తమ్మ పేరు చదివారని యోహాను గారు ఫోను చేశారు. పత్రం చేతికి రావాల్సి ఉంది, అందుకే ఊరి పేరు రాయలేదు. ముత్తమ్మ ప్రార్థనకు రాలేదట. ఆ మాట చెబితే, పోనీలే చేను దక్కిందిగా అని పిన్ని అంటుందనుకున్నాను. అనలేదు. ముఖం చిన్నబుచ్చుకుంది. వస్తుందేమోనని ఆమె ఎదురుచూసింది, ఇంకా చూస్తోంది. నేను ఇన్నాళ్లూ సువార్త చెప్పేవాళ్ల కనికరాన్ని అనుమానంగానే చూశాను, వెనకాల ఏదో ఆశ ఉంటుందని. ఆశ ఉంది, కాదనను. ఆ సాయంత్రం గడప దగ్గర ఆ ఆశ తీరే అవకాశం తనంతట తను వచ్చి నిలబడితే, పిన్ని వద్దని అన్నం తినమంది. నా విశ్వాసం ఎంతో ఇప్పటికీ చెప్పలేను. సువార్త ప్రకటించమన్న పిలుపుకు అర్థమేమిటని ఎవరైనా అడిగితే మాత్రం, వంద ప్రసంగాల కంటే ముందు నాకు గుర్తొచ్చేది ఆ గడప దగ్గరి మాటే.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. గూడెం చేరగానే మైకు తీయకండి. ముందు గూడెం పెద్దను కలిసి, ఎందుకొచ్చారో మీ చర్చి మాటల్లో కాకుండా మామూలు మాటల్లో చెప్పండి. ఆయన దాన్ని తన భాషలో ఇంకొకరికి చెప్పేదాకా పక్కనే కూర్చుని ఆగండి. ఆయన చెప్పింది మీరు చెప్పిందేనని తేలాకే సభ పెట్టుకోండి.